వాతరక్తానికి మన మూలికలు

అర్ధరాత్రివేళ కాలి బొటనవ్రేలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ఓర్వరాని బాధపెట్టే జబ్బును మన వైద్యులు వాతరక్తమన్నారు. ఇంగ్లీషు వైద్యంలో ఇది గౌటు. చరకసంహితలో దీనికొక అధ్యాయమే ఉన్నది. ఆఢ్యవాతం, అనగా కలవారి జబ్బు, అనే పేరుకూడ అందులో కనబడుతుంది. ఈనాడు లేనివారినీ అది విడిచిపెట్టడం లేదు.

మా యింట దీనికి తిప్పతీగ కషాయమే మందు. కన్నడసీమలో ఉన్న మనవారు అమృతబళ్ళి అనీ, అరవనాట ఉన్నవారు శీందిల్ అనీ అడిగి తెచ్చుకుంటారు. మా పెద్దనాన్నగారు డాక్టరిచ్చిన అల్లోప్యూరినాల్ మాత్రలు మానివేసి మూడేండ్లు ఈ కషాయంమీదనే ఉన్నారు. నొప్పి వచ్చినప్పుడల్లా వారం పదిరోజులలో తగ్గేది. కషాయం గుణమే అనుకున్నాము. కాని గౌటునొప్పి మందు లేకున్నా సాధారణంగా అన్నిరోజులలోనే తగ్గుతుంది! కనుక కొందరికి మందూ, కొందరికి ఉత్తిబిళ్ళా ఇచ్చి పోల్చిచూస్తేగాని నిజం తేలదు. తిప్పతీగకు అటువంటి గట్టి రుజువు ఇంకా ఏర్పడలేదు. పైగా 2021లో, అది వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ మాటను ఒప్పుకోలేదు. కాలేయ వ్యాధి ఉన్నవారు మాత్రం దాని జోలికి పోకుండుటే మేలు.

పరీక్షకు నిలిచిన మూలిక వేరొకటి ఉన్నది. ఐరోపాలోని కోల్చికం మొక్కనుండి 1820లో ఫ్రెంచివారు తీసిన కోల్చిసిన్ మన అడవినాభిలోనూ ఉన్నది. తమిళనాడు రాష్ట్రపుష్పం ఇదే. ధారాపురం, మూలనూరు ప్రాంతాల రైతులు గింజలకోసం దీనిని సాగుచేస్తారు. 1987లో ఆస్ట్రేలియాలో 43 మంది రోగులపై ఈ మందును పరీక్షించగా, రెండు దినాలలో మందు తిన్నవారిలో మూడింట రెండువంతుల మందికీ, ఉత్తిబిళ్ళ తిన్నవారిలో మూడోవంతుకూ గుణం కనిపించింది. అయితే మందు తిన్నవారందరికీ వాంతులో, విరేచనాలో తప్పలేదు. మొత్తం 1.8 మిల్లీగ్రాములు ఇచ్చినా 4.8 మిల్లీగ్రాములంత గుణం ఇస్తుందనీ, బాధలు చాలా తక్కువనీ 2010లో తేలింది. గుణానికీ విషానికీ అంత తక్కువ ఎడం! ఇక పెరటి గడ్డలో ఎంత సారమున్నదో ఎవరు తూచగలరు? సింహళంలో చిలగడదుంప అనుకొని తిని చనిపోయినవారున్నారు. మాత్రనైనా వైద్యుడు చెప్పిన మేరకే తీసుకోవాలి; మూత్రపిండాల జబ్బున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

పెద్దనాన్నగారికి చివరకు మోచేతిమీద సుద్దగడ్డలు లేచాయి. రక్తపరీక్షలో యూరిక్ ఆసిడ్ 9 దాటింది. 6కు లోబడి ఉండాలని డాక్టరుగారు మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించారు. తిప్పతీగ మాత్రం మా వేపచెట్టుమీద అలాగే ప్రాకుతున్నది. పెరికివేయడానికి పెద్దమ్మగారు ఒప్పుకోలేదు.