సవరభాషా సేవ

ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపుని కథలో ఆంధ్రుల పేరును శబరుల పేరును ఒక్కచోటనే చెప్పబడియున్నవి. ఆ శబర శబ్దమే సవర యని మారినదని పండితులు చెప్పుదురు. అనగా మనకును సవరలకును గల పొరుగు సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. నేడు శ్రీకాకుళము, పార్వతీపురం మన్యం జిల్లాల కొండలయందును, ఒడిషాలోని గజపతి, రాయగడ జిల్లాలయందును వీరి పల్లెలు కలవు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో సవరభాషను తల్లిభాషగా చెప్పుకొన్నవారు 4 లక్షలకు పైబడియుండిరి. ఇంతకాలము ఇరుగుపొరుగున నున్నను, వారి భాషలో పది మాటలెరిగిన తెలుగువారు అరుదు. సవరలు మాత్రము సంతకు దిగివచ్చినప్పుడు మన భాషలోనే బేరము చేయుచున్నారు. ఈ భేదమును గూర్చి విద్యార్థులు కొంత ఆలోచింపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కొండవారి భాషకు వ్యాకరణము లేదనియు, అది చెడిపోయిన తెలుగో ఒడియాయో యనియు పామరులు తలంచుచుందురు. ఇది శుద్ధ పొరపాటు. సవర ముండా కుటుంబములోని భాష. ముండారీ, సంతాలీ భాషలు దానికి దగ్గరి చుట్టములు. సముద్రమున కావలనున్న కంబోడియా దేశపు ఖ్మేరు భాష దూరపు చుట్టము. గొంతుకలో ఊపిరిని తటాలున నాపి పలుకు ధ్వని యొకటి యిందు గలదు. దానికి తెలుగున అక్షరము లేదు. మనము రెండు మూడు మాటలలో చెప్పు భావమును సవరలు ఒక్క క్రియలో నిమిడింతురు. కర్మపదము తన రూపమును కుదించుకొని క్రియలోనే కలిసిపోవును.

వారి లెక్క మరింత చిత్రమైనది. మనకు పదితో సంఖ్య యొక మెట్టెక్కును. వారికి పండ్రెండుతో ఎక్కును. 13 అనగా పండ్రెండు మీద ఒకటి. 19 అనగా పండ్రెండు మీద ఏడు. ఇరువదికి మరల వేరుపేరు గలదు. 33 అనవలెనన్న ఇరువది, పండ్రెండు, ఒకటి యని కూర్తురు. 93 అనగా నాలుగిరువదులు, పండ్రెండు, ఒకటి. ఇట్టి లెక్క నింటిలో నేర్చిన బాలుడు బడికి వచ్చి, తెలియని భాషలో పదుల లెక్కను వినినప్పుడు తెల్లబోవుటలో వింత యేమున్నది? వానిని మందబుద్ధి యనుట న్యాయము గాదు. వాని లెక్క నెరిగిన ఉపాధ్యాయు డచ్చటనే ప్రారంభించి, యీ లెక్క కా లెక్కకు వంతెన కట్టగలడు. ఎరుగనివాడు బెత్తమును పుచ్చుకొనును. తల్లిభాషలో చదువు ఏల కావలెనను ప్రశ్నకు మాకు తోచిన సమాధాన మిదియే.

ఈ సంగతిని మనవారిలో మొదట గ్రహించినవారు గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా ఆయన సవరలను చూచి, వారి భాషను నేర్చుకొనదలచిరి. నేర్చుటకు పుస్తకము లేదు. సవరభాష నెరిగినవారిని తన యింట నుంచుకొని, మాట మాటను విని వ్రాసికొనిరి. ధ్వనులను సరిగా గుర్తించుటకై ధ్వనిశాస్త్రమును స్వయముగా అభ్యసించిరి. మన్యమున తిరుగునప్పుడు చలిజ్వరము పట్టెను. దానికై పుచ్చుకొన్న క్వినైనాచే వినికిడి పోయెను. చెవిని నమ్ముకొని భాష నేర్చినవానికి ఆ భాషాసేవలోనే చెవి పోవుట యెంతటి త్యాగమో చదువరులే యూహింతురు గాక. సవర బాలురకు ఆయన వాచకములు వ్రాసిరి, బడులు పెట్టించిరి. ప్రభుత్వమువారు బహుమాన మీయబోగా, ఆ ధనమును సవరల బడికి వినియోగింపుడని కోరిరని ఆయన చరిత్రకారులు వ్రాసియున్నారు. ఆయన సవర వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడెను. తెలుగు వాడుకభాషకై పోరాడినవారు నీయనయే. జనుల నోటనున్న మాటకు గౌరవ మీయవలెననుట రెండు కార్యములకును మూలసూత్రము.

సవరలు పరుల సాయమునకై చేతులు ముడుచుకొని యుండలేదు. 1936లో మంగేయి గొమాంగో యను సవర పెద్ద తన భాషకు 24 అక్షరములు గల సోరాంగ్ సొంపెంగ్ లిపిని కల్పించెను. ఆ యక్షరములను దైవస్వరూపములుగా పూజించువారు కలరు. 2012లో ఆ లిపికి యూనికోడునందు స్థానము లభించెను. కాని ఆ 1936వ సంవత్సరముననే ఒరిస్సా రాష్ట్ర మేర్పడి, పర్లాకిమిడి సంస్థానము రెండుగా చీలెను. సవరల కొండలు రెండు రాష్ట్రముల పాలయ్యెను. ఒకే భాష నొకచోట తెలుగు లిపిలోను, ఒకచోట ఒడియా లిపిలోను, క్రైస్తవ గ్రంథములలో రోమను లిపిలోను, వారి సొంత లిపిలోను వ్రాయుచున్నారు. ఒక పల్లెవాడు వ్రాసిన పాటను మరొక పల్లెవాడు చదువలేకుండుట చిన్న చిక్కు గాదు. దీనిని తీర్పవలసినవారు సవరలే, మనము గాము.

2004లో నాటి ఆంధ్రప్రదేశమున సవర, గోండి, కోయ, కొలామి, కువి, కొండ మున్నగు 8 భాషలలో పిల్లలకు తొలి చదువు చెప్పు పద్ధతి యారంభమాయెను. పుస్తకములు తెలుగు లిపిలో నుండును; మొదట ఇంటిభాష, పిదప క్రమముగా తెలుగు. పద్ధతి మంచిదే. అయితే వాచకము నచ్చువేయుట ఒక యేటి పని. ఆ భాష మాటలాడు ఉపాధ్యాయుని తయారుచేయుట పదేండ్ల పని. ఉపాధ్యాయుడు లేని వాచకము బీరువాలోని వస్తువే గదా.

బడికి వెలుపల మరియొక నష్టము జరుగుచున్నది. పూర్వము సవరలు చనిపోయినవారితో పూజారుల నోట సంభాషించుచు, వారికొరకు గోడలమీద చిత్రములు వ్రాయుచుండిరి. ఆ తంతులోని పాటలలో మిక్కిలి పాతమాటలు కలవు. నేటి యువకులలో పలువురు ఆ యాచారమును విడిచిరి. కొందరు క్రైస్తవులైరి, కొందరు హిందూమత పద్ధతుల నవలంబించిరి. మతము నెన్నుకొనుట వారి యిష్టము. మతము మారినను భాష మారనక్కరలేదనుటకు సవర క్రైస్తవులు తమ భాషలోనే పాడుకొను కీర్తనలు సాక్ష్యము. కాని పాత పాటల నెరిగిన వృద్ధులు గతించినచో ఆ మాటలు మరల రావు. ఆ గోడచిత్రములు గుడ్డలమీదికిని కాగితములమీదికిని ఎక్కి పట్టణములలో అమ్ముడుపోవుచున్నవి. బొమ్మ దక్కినది, దానిని వివరించు మాట జారిపోవుచున్నది.

కాబట్టి సేవ చేయదలచినవారు కొన్ని నియమములను పాటింపవలెనని మా యభిప్రాయము. ముందు నేర్చి, తరువాత బోధింపవలెను. పాట నడిగి వ్రాసికొనవలెను. వ్రాసినదాని ప్రతిని పాడినవారి పల్లెకే తిరిగి యీయవలెను. సవర యువకులు ఉపాధ్యాయులు, రచయితలు అగుటకు తోడ్పడి, పిమ్మట ప్రక్కకు తొలగవలెను. అన్నిటికంటె ముఖ్యము, ఆ భాషను విని నవ్వకుండుట. బిడ్డ తల్లితో తన భాష మాటలాడుటకు సిగ్గుపడిన నాడు నిఘంటువులు దానిని బ్రతికింపజాలవు.

మన పాఠశాల విద్యార్థులలో కొందరు రేపు ఏజెన్సీలో ఉపాధ్యాయులో, వైద్యులో, ఉద్యోగులో కావచ్చును. అచ్చటికి పోవునప్పుడు పెట్టెలో నొక చిన్న పుస్తకమునకు చోటుంచుడు. మొదటి దినమున పది మాటలడిగి అందు వ్రాసికొనుడు. చెప్పినవాని మొగమున కలుగు సంతోషమే మీకు తొలి జీతము.