దంతవైద్యమంటే భయమేల?

రాత్రి భోజనమైన తర్వాత దవడ పన్ను ఒకటి సలపడం మొదలవుతుంది. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలిస్తాం. లవంగం నొక్కిపెట్టి పడుకుంటాం. తెల్లవారేసరికి నొప్పి కొంత తగ్గితే ‘ఇక ఫరవాలేదు’ అని ఊరట చెందుతాం. రక్తపోటుకు, చక్కెర వ్యాధికి క్రమం తప్పక పరీక్షలు చేయించుకునే విజ్ఞులు సైతం పంటి విషయానికి వచ్చేసరికి ‘చూద్దాంలే’ అంటారు. దీనిని అశ్రద్ధగా భావించడం పరిపాటి. కాని అనేకుల విషయంలో ఆ మాట వెనుక దాగి ఉన్నది భయం. పెద్దవయసులో పైకి చెప్పుకోవడానికి సంకోచించే భయం.

ఈ భయానికి ఒక విచిత్రమైన లక్షణం ఉన్నది. తాను దేనికి వెరుస్తున్నదో దానినే అది తెచ్చిపెడుతుంది. నొప్పికి వెరచి వైద్యాన్ని వాయిదా వేసినవారే చివరకు అధికమైన నొప్పిని అనుభవించవలసి వస్తుంది. ఇది ఏ విధంగా జరుగుతుందో గ్రహిస్తే, భయాన్ని దాటే మార్గం కూడా అక్కడే గోచరిస్తుంది.

భయానికి మూలాలు

బాల్యంలో కలిగిన ఒక చేదు అనుభవం చాలామందిలో ఈ భయానికి బీజం. తమకు అటువంటి అనుభవం లేకపోయినా, ఇంటిలోని పెద్దలు చెప్పిన మాటలు విని భయపడేవారు ఉన్నారు. ‘అల్లరి చేస్తే డాక్టరుగారితో సూది వేయిస్తాను’ అనే బెదిరింపు పసిమనసులో నాటుకుని, యాభై ఏళ్ళు వచ్చినా తొలగిపోదు. కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోరు తెరచి, మాట్లాడే వీలు లేక, జరుగుతున్నదేమిటో చూడలేక ఉండవలసి రావడం కొందరిని కలవరపెడుతుంది. యంత్రపు రొద, మందుల వాసన మరికొందరికి గిట్టవు. ‘ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?’ అని వైద్యుడు మందలిస్తాడేమోనన్న సిగ్గు, ఖర్చు ఎంత అవుతుందోనన్న చింత కూడా ఇందులో కలుస్తాయి.

1969లో నార్మన్ కోరా అనే పరిశోధకుడు ఈ భయాన్ని కొలవడానికి నాలుగు ప్రశ్నలు రూపొందించారు. రేపు వైద్యుని వద్దకు వెళ్ళవలసి ఉంటే ఎట్లా ఉంటుంది? అక్కడ మీ వంతు కోసం వేచి ఉన్నప్పుడు? కుర్చీలో కూర్చుని, వైద్యుడు యంత్రాన్ని సిద్ధం చేస్తున్నప్పుడు? పళ్ళు శుభ్రం చేయడానికి పరికరాలు తీస్తున్నప్పుడు? ఈ నాలుగింటిలో ఒక్కటైనా చికిత్స జరుగుతున్న క్షణాన్ని గురించినది కాదు. అన్నీ దానికి ముందరి ఎదురుచూపును గురించినవే. దంతభయంలో అధికభాగం ఆ ఎదురుచూపులోనే ఉన్నది. మనసు కీడును ఎంచినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఆ స్థితిలో చిన్న స్పర్శ కూడా నొప్పిగా తోస్తుంది.

వాయిదా వలన జరిగేదేమిటి?

పంటి పైపొర అయిన ఎనామెల్‌లో నరాలు లేవు. పిప్పి ఆ పొరలో ఉన్నంతవరకు నొప్పి తెలియదు. ఆ దశలో గుర్తిస్తే చికిత్స స్వల్పం. తరచుగా మత్తు సూది అవసరం కూడా ఉండదు. పిప్పి లోపలి పొరకు చేరినప్పుడు చల్లని నీరు, తీపి పదార్థాలు తగిలితే పన్ను జివ్వుమంటుంది. ఇంకా లోతుకు, నరాలూ రక్తనాళాలూ ఉండే గుజ్జును చేరినప్పుడు రాత్రివేళ నిద్రపట్టనివ్వని సలుపు మొదలవుతుంది. అప్పుడు రూట్ కెనాల్ చికిత్స గాని, పన్ను తీయడం గాని తప్పదు.

కొన్నాళ్ళకు ఆ నొప్పి దానంతటదే మాయం కావచ్చు. ఇక్కడే చాలామంది మోసపోతారు. నొప్పి పోయినది పన్ను బాగుపడినందున కాదు, లోపలి గుజ్జు చచ్చిపోయినందున. అటు తర్వాత సూక్ష్మక్రిములు వేరు కొసకు చేరి చీముగడ్డను కలిగిస్తాయి. చీముపట్టి వాచిన చోట ఆమ్లత్వం పెరుగుతుంది. అందువలన మత్తుమందు నరంలోకి తగినంతగా చొచ్చుకుపోలేదు, పూర్తిగా పనిచేయదు. తొలిదశలో వచ్చి ఉంటే సులువుగా ముగిసే పని, ఆలస్యం వలన నిజంగానే బాధాకరమవుతుంది. ఆ వ్యక్తి ఇంటికి వచ్చి ‘నేను ముందే అనుకున్నాను’ అంటాడు. విన్నవారు మరింత భయపడతారు. భయం ఆ విధంగా తనకు తానే సాక్ష్యం సృష్టించుకుని, ఒక తరం నుంచి మరొక తరానికి సంక్రమిస్తుంది.

నష్టం పంటితో ఆగదు. చిగుళ్ళ వ్యాధి ముదిరితే చక్కెర వ్యాధి అదుపు తప్పుతుంది. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ళ వ్యాధి ముదురుతుంది. పొగాకు, గుట్కా, ఖైని వాడేవారికి, ఉత్తరాంధ్ర తీరప్రాంతంలో చుట్ట నిప్పును నోటిలో ఉంచుకుని అడ్డపొగ తాగే స్త్రీలకు నోటి క్యాన్సర్ ముప్పు అధికం. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించుకోవాలి. దవడ కింద వాపు, జ్వరం, మింగడంలో గాని నోరు తెరవడంలో గాని ఇబ్బంది ఉంటే అది అత్యవసర స్థితి. ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

నాటి బాధ నేడు లేదు

మన తాతముత్తాతల కథలలోని పంటివైద్యం వేరు, నేటి వైద్యం వేరు. శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండా చేసే విద్యకు దారి చూపినవారిలో దంతవైద్యులు ముందున్నారన్న సంగతి చాలామందికి తెలియదు. 1844లో అమెరికాకు చెందిన హోరస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్చి తన పన్నునే తీయించుకుని పరీక్షించారు. 1846లో విలియం మార్టన్ అనే మరొక దంతవైద్యుడు బోస్టన్ నగరంలో ఈథర్‌తో రోగికి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స జరగడాన్ని వైద్యుల సమక్షంలో నిరూపించారు. స్వీడన్ దేశీయుడైన నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో రూపొందించిన లిడోకెయిన్ నేటికీ దంతవైద్యశాలలలో విరివిగా వాడుకలో ఉన్నది. 1957 నుంచి గాలి ఒత్తిడితో అతివేగంగా తిరిగే యంత్రాలు రావడంతో పూర్వం చాలాసేపు పట్టే పని స్వల్పవ్యవధిలో ముగుస్తున్నది.

పై పళ్ళు తీయిస్తే కంటిచూపు పోతుందన్న నమ్మకం మన ప్రాంతంలో బలంగా ఉన్నది. ఇది నిజం కాదు. పంటికి స్పర్శనిచ్చే నాడి వేరు, చూపునిచ్చే నాడి వేరు. పళ్ళు కదలడం, చూపు మందగించడం రెండూ ఇంచుమించు ఒకే వయసులో రావడం వలన ఒకదానికి మరొకటి కారణమన్న భ్రమ కలిగి ఉండవచ్చు.

భయాన్ని దాటే మార్గం

కొండ మెట్లు ఎక్కే యాత్రికుడు శిఖరాన్ని చూచి బెంగపడక, ఎదుటి మెట్టుపై అడుగు వేస్తాడు. మనస్తత్వశాస్త్రం చెప్పేదీ అదే. భయపెట్టే విషయానికి కొద్దికొద్దిగా, మనసు కుదుటపడిన తర్వాత మరికొంత దగ్గరవుతూ పోతే భయం క్షీణిస్తుంది. కుందేలును చూచి భయపడే ఒక బాలుని భయాన్ని ఈ విధంగా పోగొట్టిన వైనాన్ని మేరీ కవర్ జోన్స్ 1924లో ప్రకటించారు.

దీనిని ఆచరించడం కష్టం కాదు. మొదటిసారి కేవలం మాట్లాడడానికి, పళ్ళు చూపించుకోవడానికి మాత్రమే వెళ్ళండి. ‘నాకు భయం’ అని మొదటి మాటగా చెప్పండి. రెండవసారి గార తీయించుకోండి. చికిత్స అటు తర్వాత. ఎడమచేయి ఎత్తితే పని ఆపాలని వైద్యునితో ముందుగానే ఒప్పందం చేసుకోండి. ఆపగల అధికారం తన చేతిలో ఉన్నదన్న ఎరుకే సగం ధైర్యం.

ఉదయపు వేళను ఎంచుకుంటే రోజంతా ఎదురుచూచే బాధ తప్పుతుంది. మత్తు సూదితో చేసే చికిత్సకు సాధారణంగా ఖాళీ కడుపు అవసరం లేదు. వైద్యుడు వద్దని చెబితే తప్ప, ఆహారం తీసుకుని వెళ్ళాలి. ఏకాదశి వంటి ఉపవాస దినాలలో చికిత్స పెట్టుకోవడం, ముఖ్యంగా చక్కెర వ్యాధి ఉన్నవారికి, మంచిది కాదు. కుర్చీలో ఉన్నప్పుడు ముక్కుతో నిదానంగా గాలి పీల్చి, అంతకంటె నిదానంగా విడవండి. అలవాటున్నవారు మనసులో నామస్మరణ చేసుకుంటే శ్వాస తనంత తానే లయలో పడుతుంది. సూదిని చూడగానే కళ్ళు తిరిగేవారు కాళ్ళు, చేతుల కండరాలను పది పదిహేను క్షణాలు బిగించి, వదలి, మరల బిగిస్తే రక్తపోటు పడిపోదు.

మత్తు సూది వేసిన వెంటనే కొందరికి గుండెదడ కలుగుతుంది. అందులో కలిపే అడ్రినలిన్ దానికి కారణం. కొద్ది నిమిషాలలో తగ్గుతుంది. గుండెజబ్బు, గర్భం, మందులు పడకపోవడం వంటివి ఉంటే ముందే తెలపాలి. రక్తాన్ని పలచబరిచే మందులను సొంతంగా మానరాదు. ధైర్యం కోసం మద్యం గాని, నిద్రమాత్రలు గాని సొంతంగా తీసుకోరాదు. భయం మరీ తీవ్రమైతే వైద్యుని పర్యవేక్షణలో ఉపశమన మందులు, మానసిక నిపుణుల సహాయం అందుబాటులో ఉన్నాయి. ఇంటిలో నొప్పికి ఆస్పిరిన్ మాత్రను చిగురుపై ఉంచరాదు, చిగురు కాలుతుంది. లవంగం ఉపశమనమే తప్ప చికిత్స కాదు.

పిల్లల విషయంలో

మొదటి పుట్టినరోజు నాటికి బిడ్డను ఒకసారి దంతవైద్యునికి చూపించడం ఉత్తమం. నొప్పి లేని రోజున వెళ్ళిన బిడ్డకు ఆ చోటు భయస్థానం కాదు. వైద్యుని పేరు చెప్పి బెదిరించకండి. ‘అసలు నొప్పే ఉండదు’ అని అబద్ధమూ ఆడకండి. ఏమి చేస్తారో చెప్పి, పరికరాన్ని చూపి, ఆ పిమ్మటే చేయడం 1959లో ఆడెల్‌స్టన్ వివరించిన పద్ధతి. నేటికీ పిల్లల వైద్యులు దానినే అనుసరిస్తున్నారు.

దంతధావనాన్ని నిత్యవిధిగా సుశ్రుత సంహిత ఏనాడో విధించింది. పన్నెండు అంగుళాల పొడవు, చిటికెనవేలి లావు గల పుల్లను వాడమని చెప్పి, చేదు వృక్షాలలో వేపను శ్రేష్ఠమన్నది. నేడు ఫ్లోరైడ్ గల పేస్టుతో ఉదయం, రాత్రి తోముకోవడం ఆ విధికి కొనసాగింపే. దూరయాత్రకు బయలుదేరేవారు నెల ముందుగా పళ్ళు చూపించుకుంటే దారిలో బాధ తప్పుతుంది.

మీ ఇంటిలో ఒక పక్కనే నమిలే పెద్దవారు గాని, గట్టి పదార్థం వద్దని పక్కన పెట్టేవారు గాని ఉన్నారేమో గమనించండి. వారిని మందలించకండి. ‘నేనూ వస్తాను, చూపించుకుని వద్దాం’ అని చెప్పి, ఈ వారంలోనే వెంట తీసుకుని వెళ్ళండి.