కారు స్టీరింగులో చప్పుళ్ళు

కారు మలుపు తిరిగేటప్పుడు ముందువైపు నుంచి కొన్నిటిలో టకటకమనీ, కొన్నిటిలో కిర్రుమనీ, మరికొన్నిటిలో సన్నని మూలుగు వలెనూ చప్పుళ్ళు వినబడుతుంటాయి. ఆ చప్పుడు ఏ మూలనుంచి వస్తున్నదా అని చాలామంది చెవియొగ్గి వెదుకుతారు. ఈ వెదుకులాట తరచు తప్పుదారి పట్టిస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, ఉక్కులో దాదాపు 5,000 మీటర్లు పోతుంది. చక్రం వద్ద పుట్టిన అదురు క్షణంలో బండి అంతటా పాకి, పలుచని రేకులను మ్రోగిస్తుంది. చెవికి చేరేది చాలావరకు ఆ రేకుల మోతయే. అందుచేత అనుభవజ్ఞుడైన మెకానిక్కు చప్పుడు ఎక్కడ అనే ప్రశ్నకు ముందు, ఎప్పుడు అని అడుగుతాడు. బండి నిలిచి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా? ఇంజను వేగంతో మారుతున్నదా, చక్రం వేగంతోనా?

బండి కదలకుండా, ఇంజను నడుస్తూ ఉండగా స్టీరింగు త్రిప్పితే మూలుగు వచ్చి, ఇంజను వేగం పెంచినకొద్దీ అది హెచ్చుస్థాయికి పోతే, నూనె పీడనంతో పనిచేసే పవర్ స్టీరింగు పంపును అనుమానించవలెను. ఆ పంపును ఇంజనే బెల్టుతో త్రిప్పుతుంది గదా! డబ్బాలో నూనె తగ్గినప్పుడు పంపు గాలిని పీలుస్తుంది. ఆ బుడగలు పీడనానికి చితికిపోతూ ఒక్కొక్కటీ ఒక చిన్న దెబ్బ కొడతాయి. లెక్కలేనన్ని దెబ్బలు కలిసి మూలుగవుతాయి. మూత తీస్తే నూనెలో నురుగు కనబడుతుంది. తయారీదారు చెప్పిన నూనె పోస్తే చప్పుడు తగ్గవచ్చును. కాని నూనె ఊరకే తరిగిపోయేది కాదు. కారుతున్న చోటు పట్టుకోనంతవరకు పని సగమే అయినట్లు. స్టీరింగును ఒకవైపు చివరిదాకా త్రిప్పినప్పుడు మాత్రమే వచ్చే కొద్దిపాటి బుస రోగం కాదు, అదనపు పీడనాన్ని వదిలే కవాటం చేసే శబ్దం. అట్లా చివరన ఎక్కువసేపు పట్టి ఉంచితే పంపు వేడెక్కుతుంది. ఈనాటి అనేక కార్లలో నూనెకు బదులు విద్యుత్ మోటారు సాయపడుతుంది. వాటిలో నూనె డబ్బా కోసం వెదకడం వృథా శ్రమ.

నిలిచిన బండిలో కిర్రుమనడమో, స్ప్రింగు తెగినట్లు టంగుమనడమో అయితే కారణం వేరు. చాలా కార్లలో చక్రంతోపాటు స్ప్రింగుకూడా తిరుగుతుంది. దాని పైకొన వద్ద ఒక బేరింగు ఉంటుంది. అది తుప్పు పట్టితే స్ప్రింగు కొంతసేపు పట్టుకొని, మెలిపడి, ఒక్కసారి జారుతుంది. నిశ్చల ఘర్షణ చలన ఘర్షణకన్న ఎక్కువ కావడమే దీనికి మూలం. తలుపు బందు కిర్రుమనడానికీ, కమాను క్రింద ఫిడేలు తీగ పలకడానికీ ఇదే సూత్రం. బానెట్టు ఎత్తి, ఆ బేరింగు పైనున్న భాగాన్ని వ్రేలితో తాకి ఉండి, వేరొకరిచేత స్టీరింగు త్రిప్పిస్తే ఆ జారుపాటు వ్రేలికి తెలుస్తుంది. పాడైన బేరింగును మార్చవలసినదే.

నడిచే బండి మలుపులో టిక్ టిక్ మంటే, ముందు చక్రాలకు శక్తినిచ్చే ఇరుసు కొసనున్న కీలును చూడవలెను. దానిలో సాధారణంగా ఆరు ఉక్కు గుండ్లు గాడులలో కదులుతాయి. కీలును కప్పిన రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు పోయి దుమ్ము చేరుతుంది, గాడులు అరుగుతాయి. ఖాళీ మైదానంలో నెమ్మదిగా గుండ్రంగా నడిపి చూడవచ్చును. చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లయితే చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు, గంటకు 10 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. టిక్కులు ఈ లయను అనుసరించి, ఇంజనును పట్టించుకోకపోతే అనుమానం బలపడుతుంది. తొడుగు చిరిగిన క్రొత్తలోనే చూస్తే తొడుగు, గ్రీజు మార్చడంతో పోతుంది. టిక్కుమనడం మొదలైతే కీలునే మార్చాలి. 1983లో వచ్చిన మారుతి 800కు ముందు చక్రాలే చోదకాలు గనుక ఈ జబ్బు రాగలదు. 2014 వరకు తయారైన అంబాసిడరును వెనుక చక్రాలు నడిపేవి. దానికి ముందు చక్రాల వద్ద ఈ కీలే లేదు.

అన్నిటిలో ప్రమాదకరమైనది మూలుగూ కాదు, టిక్కూ కాదు. గుంటలో పడ్డప్పుడు, లేదా స్టీరింగును కొంచెం అటూ ఇటూ కదిపినప్పుడు వచ్చే మొద్దు ‘టక్’ శబ్దం. చక్రాన్ని ప్రక్కకు నెట్టే కడ్డీ కొసన, మెకానిక్కులు టైరాడ్ ఎండ్ అనే గుండ్రని కీలు ఉంటుంది. అది పూర్తిగా అరిగి ఊడిపోతే ఆ చక్రం స్టీరింగు మాట వినదు. ఈ శబ్దం వినబడితే పరీక్ష అయ్యేదాకా బండి తీయకపోవడం మంచిది. చక్రాన్ని జాకీతో లేపి, జాకీని నమ్మక గట్టి స్టాండు పెట్టి, చక్రాన్ని కుడి ఎడమల పట్టి కుదిపితే ఈ కీలు వదులు తెలుస్తుంది. పైనా క్రిందా పట్టి కుదిపినప్పుడు ఆడితే దోషం క్రింది బాల్ జాయింటులోనో, చక్రం బేరింగులోనో ఉన్నది.

క్రొత్త కీలు బిగించేటప్పుడు నట్టుకు అడ్డు పిన్ను ఉంటే పాతది తిరిగి వాడరాదు. ఆ కీలును కడ్డీ మరలపై ఎంత ఎక్కిస్తే చక్రం అంతగా లోపలికో వెలుపలికో మొగ్గుతుంది. కనుక పాతదానిని విప్పేముందు ఎన్ని చుట్లు తిరిగినదీ లెక్కపెట్టుకొని, పని ముగియగానే వీల్ అలైన్‌మెంట్ చేయించవలెను.