పురిటి గదిలోకి తోడుగా ఎవరు వెళ్ళాలి?

మీ ఇంట్లో ఎవరికైనా నెలలు నిండుతున్నాయా? కూతురికో, కోడలికో, చెల్లెలికో? అయితే సీమంతం చీర ఏ రంగు తీసుకోవాలి, గాజులు ఎన్ని డజన్లు కావాలి అనే లెక్కలు కాస్సేపు పక్కన పెట్టండి. ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. సర్కారు ఆసుపత్రిలో పురుడైతే, ఆ నొప్పుల గదిలోకి అమ్మాయి వెంట ఎవరు వెళ్తారు?

"లోపలికి ఎవర్నీ రానివ్వరు కదండీ" అంటారు మీరు. చాలాచోట్ల జరుగుతున్నదీ అదే. కానీ రూల్ అలా లేదు. 2016 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో పురుడు పోసుకునే తల్లి పక్కన ఒక తోడు మనిషిని ఉండనివ్వవచ్చని చెప్పింది. పక్కనున్న తమిళనాడులో ఈ పద్ధతి 2004లోనే మొదలైంది. 2017 డిసెంబరులో లేబర్ రూముల్ని బాగుచెయ్యడానికి 'లక్ష్య' అనే కార్యక్రమం పెట్టినప్పుడు అందులోనూ ఈ తోడు సంగతి, మంచానికీ మంచానికీ మధ్య తెర సంగతి చేర్చారు. మరి ఈ కబురు మన వంటింటి దాకా ఎందుకు రాలేదో!

పూర్వం పుట్టింట్లో, వెనక గదిలో పురుళ్ళు జరిగేవి. మంత్రసాని ఉండేది, అమ్మ ఉండేది, పక్కింటి పిన్నిగారు వేణ్ణీళ్ళు కాచేది. అలాగని ఆ రోజులే బావున్నాయని నేననను. రక్తం ఆగక, బిడ్డ అడ్డం తిరిగి పోయిన తల్లులు ఆ గదుల్లోనే పోయారు. ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, అందులో రెండో మాట లేదు. కాకపోతే ప్రాణానికి భరోసా దొరికిన చోట, చెయ్యి పట్టుకునే మనిషి కరువైపోయింది.

మా మరదలికి ఒక ఊళ్ళో ప్రభుత్వాసుపత్రిలో తొలి కాన్పు అయింది. ఏ ఊరో ఇప్పుడెందుకు లెండి. రాత్రి పదకొండింటికి లోపలికి తీసుకెళ్ళారు, తెల్లవారి ఆరింటికి పాప పుట్టింది. ఆ ఏడు గంటలూ మేము బయట బల్ల మీద కూర్చున్నాం. తర్వాత పిల్ల చెప్పింది, "వదినా, నొప్పికన్నా ఆ మాటలే ఎక్కువ బాధపెట్టాయి. దాహంగా ఉందంటే ఎవరూ పలకలేదు. అరిస్తే తొడ మీద చరిచారు" అని. వైద్యంలో లోపమేమీ లేదు. డాక్టరమ్మ మంచిదే, కుట్లు చక్కగా మానాయి. అయినా రెండో కాన్పుకి ఆ గుమ్మం తొక్కనంది. అప్పు చేసి ప్రైవేటుకి వెళ్ళారు. ఆ అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది.

ఇలాంటివి ఒక్క మన దగ్గరే కాదు. కాన్పు సమయంలో ఆడవాళ్ళను తిట్టడం, కొట్టడం, పట్టించుకోకపోవడం అన్ని దేశాల్లోనూ ఉందనీ, ఇది ఆగాలనీ 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా ఒక ప్రకటనే ఇచ్చింది.

సిస్టర్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు, నొప్పులు పడేవాళ్ళు అరడజను మంది. ఒకరికి సెలైన్ పెడుతుంటే ఇంకొకరికి బిడ్డ తల కనబడుతూంటుంది. ఆ హడావుడిలో మంచినీళ్ళు ఎవరందిస్తారు చెప్పండి? తోడు మనిషి లోపల ఉంటే సిస్టరుకీ సగం భారం తగ్గుతుంది. పైగా ఇంటి మనిషి ఎదురుగా ఉన్నప్పుడు నోరు జారేవాళ్ళు కూడా కాస్త ఆచితూచి మాట్లాడతారు.

ఇదేదో ఓదార్పు కోసం చెప్పేది కాదండీ. 17 దేశాల్లో 15 వేలకు పైగా ఆడవాళ్ళ మీద జరిగిన 26 అధ్యయనాలను 2017లో ఒకచోట చేర్చి చూశారు. కాన్పు అయ్యేదాకా ఎవరో ఒకరు పక్కనే ఉన్నవాళ్ళలో మామూలు కాన్పులు ఎక్కువయ్యాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పులు పడే సమయం కూడా కొంచెం తగ్గింది. భయపడితే ఒళ్ళు బిగుసుకుపోతుంది, నొప్పులు సరిగా సాగవు. మన పెద్దవాళ్ళు ఇది ఏనాడో గమనించారు.

ఇక ఎవరు వెళ్ళాలి? ఇక్కడే ఇళ్ళల్లో గొడవ. "మొదటి మనవడు, నేనుండాలి" అని అత్తగారు, "నా కూతురు, నేనే వెళ్తా" అని అమ్మగారు. ఇద్దరూ కాస్త ఆగండి. అమ్మాయిని అడగండి. అదీ ఒక్కతే ఉన్నప్పుడు అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది కూడా ఆమె కోరుకున్న మనిషే ఉండాలని. రక్తం చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళూ, కూతురి కేక వింటే తామే ముందు ఏడ్చేవాళ్ళూ ఉంటారు. ప్రేమకేం లోటు లేదు, ఆ పనికి మాత్రం వాళ్ళు పనికిరారు. కాన్పు అనుభవం ఉన్న పిన్నో, అక్కో, తోటికోడలో మేలు. తోడు వచ్చే మనిషి దగ్గూ జలుబూ లాంటి అంటురోగాలు లేకుండా, ఉతికిన బట్టలు కట్టుకుని రావాలి. చివరిదాకా ఉండాలి. వైద్యంలో చెయ్యి పెట్టకూడదు, పక్క మంచాల దగ్గరికి పోకూడదు. తెరలు, చాటు సరిగా ఉన్నచోట భర్తను కూడా అనుమతించవచ్చన్నారు. మన దగ్గర వరసగా మంచాలుండే గదుల్లో అది ఇంకా కష్టమే.

లోపలికి వెళ్ళాక మీరు చెయ్యాల్సింది పెద్ద విద్యేం కాదు. నొప్పి వచ్చినప్పుడు నడుం కింది భాగంలో అరచేత్తో గట్టిగా అదిమి రాయండి. నొప్పి ఆగినప్పుడు చెమట తుడవండి. సిస్టరుని అడిగి గుక్కెడు నీళ్ళో, పల్చటి మజ్జిగో పట్టండి. పెదాలు ఎండిపోతాయి, కాస్త కొబ్బరినూనె రాయండి. డాక్టరు సరేనంటే లేపి నడిపించండి, రెండు మూడు గంటలకోసారి ఒంటేలుకి తీసుకెళ్ళండి. "ఇంకెంత, అయిపోవచ్చింది" అని అబద్ధాలు చెప్పకుండా, "నేనిక్కడే ఉన్నాను" అనండి చాలు. "మేము కనలేదా? నువ్వేనా వింతగా కంటున్నది?" అనే మాట మాత్రం గుమ్మం బయటే వదిలెయ్యండి. త్వరగా అవుతుందని ఆముదం తాగించడం, పొట్ట పైనుంచి నొక్కడం ప్రమాదం. రక్తం ధారగా పోతున్నా, కళ్ళు మసకబారి తలనొప్పి అంటున్నా, ఫిట్స్ వచ్చినా మొహమాటపడకుండా గట్టిగా సిస్టరుని పిలవండి. బిడ్డ పుట్టగానే తల్లి గుండెల మీద వెయ్యమని అడగండి, గంటలోపు ముర్రుపాలు పట్టించండి. తేనె, పంచదార నీళ్ళు వద్దు.

డబ్బు సంగతి కూడా చెప్పుకుందాం. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, మామూలు కాన్పుకి 3 రోజులు, సిజేరియన్‌కి 7 రోజులు భోజనం, ఇంటినుంచి రావడానికీ తిరిగి వెళ్ళడానికీ బండి, అన్నీ ఉచితమే. "మగపిల్లాడు, ఇంతివ్వండి" అని చేతులు చాచేవాళ్ళకి సంతోషంగా ఇచ్చుకునేది వేరు, ఇవ్వకపోతే బిడ్డను చూపించమనడం వేరు. ఆ రెండోది జరిగితే సూపరింటెండెంటుకి కాగితం మీద రాసివ్వండి. తేదీ, టైమూ, ఏ వార్డో వెయ్యండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. పక్క మంచం వాళ్ళ చేత కూడా సంతకం పెట్టిస్తే ఆ కాగితానికి బరువు వస్తుంది. మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు ఒక ఆడమనిషి పక్కన ఉండాలని జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనూ ఉంది.

రోగుల అభిప్రాయం ఫోన్లో తెలుసుకోవడానికి కేంద్రం 2016లో 'మేరా అస్పతాల్' అని ఒక ఏర్పాటు చేసింది. అందుకని ఓపీ చీటీ రాయించేటప్పుడు సరైన నెంబరు ఇవ్వండి. ఫోనొస్తే "ఆఁ, బానే ఉందండీ" అని పెట్టెయ్యకండి. బాగా చూసుకున్న సిస్టరు పేరు కూడా చెప్పండి, పాపం వాళ్ళకి మెచ్చుకోలు ఎప్పుడు దొరుకుతుంది!

మంచి మార్పులూ వస్తున్నాయి. తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ తోడ్పాటుతో ప్రభుత్వ నర్సులను మిడ్‌వైఫ్‌లుగా తయారుచెయ్యడం మొదలుపెట్టారు. తల్లితో మాట్లాడుతూ, నడిపిస్తూ, ఆమెకు అనువైన భంగిమలో కాన్పు చెయ్యడం ఆ చదువులో భాగం. 2018 డిసెంబరులో దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు వచ్చాయి.

అంచేత ఎనిమిదో నెల చెకప్‌కి వెళ్ళినప్పుడే లేబర్ రూమ్ దాకా నడిచి, "తోడు ఎవర్ని పంపాలి సిస్టర్?" అని నెమ్మదిగా అడగండి. కుదరదంటే పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి 2016 ఉత్తర్వు మాట ఎత్తండి. మీ ఊరి ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుంటే ఇంకా మంచిది. నొప్పులు మొదలయ్యాక గుమ్మం దగ్గర వాదించడం ఎవరి వల్లా కాదు. పిల్ల బట్టల సంచిలో తోడు వెళ్ళే మనిషికి కూడా ఒక ఉతికిన చీర, చెప్పులు, ఫ్లాస్కు సర్దిపెట్టుకోండి.