గాజు పగులూ, నీరంటని పూతా

పోయిన ఏడాది వానాకాలం ముందు మా బావమరిది ఒంగోలు నుంచి కారులో వస్తున్నాడు. ముందు పోతున్న కంకర టిప్పరు నుంచి ఒక రాయి ఎగిరి వచ్చి కారు ముందు అద్దానికి టక్కున తగిలింది. దిగి చూస్తే శనగగింజంత పెచ్చు లేచి వుంది. దాని చుట్టూ సాలీడు కాళ్ళలా మూడు సన్నని చీలికలు. "ఇంతేగా" అనుకుని వదిలేశాడు.

వారం తర్వాత నీరు అంటకుండా చేసే పూత సీసా ఒకటి కొని తెచ్చాడు. ఆ పూత వేస్తే వానచినుకులు అద్దం మీద పరుచుకోకుండా ముత్యాల్లా దొర్లిపోతాయి. అద్దమంతా రుద్దాడు. లోపలికి నీళ్ళు దిగకూడదని పెచ్చు మీద ఇంకో రెండుసార్లు రుద్దాడట! తీరా పగులు పూడ్పించడానికి తీసుకుపోతే, పూడ్చే అతను భూతద్దం పెట్టి చూసి, "దీంట్లో ఏదో పూశారు సార్. పని చేస్తాను గానీ నిలుస్తుందని మాట ఇవ్వలేను" అన్నాడు.

"బావగారూ, మీరు సైన్సు మాస్టారు కదా! నీళ్ళు పోకుండా జాగ్రత్తపడితే అది తప్పెలా అయింది?" అని బావమరిది నన్ను నిలదీశాడు. మంచి ప్రశ్న.

ముందు ఆ అద్దం సంగతి చూద్దాం. కారు ముందు అద్దం ఒక్క పలక కాదు. రెండు గాజు పలకల మధ్య మిల్లీమీటరు కన్నా పలచని ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. 1903లో ఫ్రాన్సులో బెనెడిక్టస్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి చేతిలోంచి ఒక గాజు కుప్పె జారి కిందపడింది. అది పగిలింది గానీ ముక్కలు చెదరలేదు. లోపల ఎప్పుడో ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి వుంచింది. ఈ రకం అద్దానికి మూలం ఆ కుప్పెలోనే వుంది. రాయి తగిలితే సాధారణంగా బయటి పలక మాత్రమే దెబ్బతింటుంది. అందుకే దాన్ని పూడ్చడం సాధ్యమవుతోంది.

పూడ్చడమంటే గోడకు సిమెంటు మెత్తినట్లు కాదు. పెచ్చు మీద చిన్న పరికరం బిగించి, చీలికలో వున్న గాలిని లాగేస్తారు. తర్వాత రెజిన్ అనే జిగురు ద్రవాన్ని లోపలికి నెడతారు. దాని మీద అతినీలలోహిత కాంతి పడితే అది కొన్ని నిమిషాల్లో గట్టిపడి గాజు అంచుల్ని కలిపి పట్టుకుంటుంది.

చీలిక వెంట్రుక కన్నా సన్నంగా వుంటుంది. దాని కొన దాకా ద్రవం ఎలా వెళ్ళాలి? ఒత్తిడి ఒక్కటే చాలదు. మీరు చదువుకున్న కేశనాళికీయత ఇక్కడ పనిచేయాలి. సన్నని గాజు గొట్టంలో నీరు పైకి ఎక్కుతుంది, పాదరసం మాత్రం కిందికి దిగుతుంది. నీరు గాజును తడుపుతుంది, పాదరసం తడపదు. అదే తేడా. ద్రవం గోడల్ని ఎంత బాగా తడిపితే సన్నని సందులోకి అంత బాగా పాకుతుంది.

గాజు ఉపరితలం మీద ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు బోలెడు వుంటాయి. నీటి అణువులకు అవి చేతికందే కొమ్మల్లాంటివి. నీరంటని పూతలో సాధారణంగా వుండేది సిలికోన్. అది ఆ కొమ్మల్ని తానే పట్టేసుకుని, నీటితో స్నేహం లేని మిథైల్ గుంపుల్ని బయటికి తిప్పి నిలబడుతుంది. అప్పుడు నీటిబొట్టు స్పర్శకోణం 100 డిగ్రీలు దాటుతుంది. (తామరాకు మీద ఇది 150 కూడా దాటుతుంది. అక్కడ మైనంతో పాటు కంటికి కనపడని బొడిపెలు కూడా వున్నాయి.) రెజిన్ నీరంత మొండిది కాదు. పూత మీద కూడా కొంత పరుచుకుంటుంది. కాని పూర్తిగా తడపదు, గట్టిగా అంటుకోదు. కొనల్లో గాలి మిగిలిపోతుంది.

మరి ఆ పూత చీలిక కొనదాకా ఎలా వెళ్ళింది? అదే కేశనాళికీయత! ఈ పూతల్లో చాలా వాటిలో ఎక్కువ భాగం ఆల్కహాలు. అది గాజును చక్కగా తడుపుతుంది. చీలిక దాన్ని పీల్చేసుకుంది. ఆల్కహాలు ఆవిరై పోయింది, సిలికోన్ లోపల వుండిపోయింది. అంత సన్నని సందులోకి గుడ్డ పోదు, తుడిచే దారి లేదు.

గమనించవలసిందేమంటే, రాయి తగలక ముందే పూత వేసివుంటే ఇంత చిక్కు లేదు. అప్పుడు పూత పైన మాత్రమే వుంటుంది. రాయి దెబ్బకు తెరుచుకున్న లోపలి గాజు అప్పుడే పుట్టిన కొత్త గాజు, దానికి ఏదీ అంటలేదు. పెచ్చు అంచు చుట్టూ శుభ్రం చేసుకుంటే సరిపోతుంది. పూత చెడ్డది కాదు, వేసిన సమయమే చెడ్డది.

గాలి మిగిలితే కంటికి కూడా తెలుస్తుంది. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.52, గాలిది 1. అందువల్ల చీలిక వెండిగీతలా మెరుస్తుంది. రెజిన్ గుణకం గాజుకు దగ్గరగా వుంటుంది కాబట్టి అది నిండిన చోట గీత దాదాపు మాయమవుతుంది. మీరే చూడవచ్చు. వేడిని తట్టుకునే ప్రయోగశాల పరీక్షనాళికను గాజు గ్లాసులోని వేరుశనగ నూనెలో నిలబెట్టి, నాళికలోనూ నూనె పోయండి. మునిగిన భాగం కనిపించడం కష్టం!

ఇంకో మాట చెప్పాలి. మా బావమరిది భయంలో న్యాయం వుంది. నీరు పగులుకు నిజంగానే శత్రువు. బిగువులో వున్న చీలిక కొన దగ్గర నీటి అణువు చేరి, సిలికాన్ ఆక్సిజన్ బంధాన్ని తెంచడానికి సాయపడుతుంది. చీలిక మెల్లగా సాగుతుంది. దానికి విరుగుడు పెచ్చు మీద వెంటనే అతికించే చిన్న పారదర్శక టేపు ముక్క. దుమ్మూ, నీరూ లోపలికి పోకుండా వుంటే, బాగుచేసేవాడికి శుభ్రమైన గాజు దొరుకుతుంది.

మా వాడి అద్దం ఏమైందంటారా? పూడ్చిన చోట రెండు కాళ్ళు మాయమయ్యాయి, మూడోది మెరుస్తూనే వుంది. ఈ మే నెలలో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో ఏసీ గాలి నేరుగా అద్దం మీదికి వదిలాడు. బయటి పలక కాగుతోంది, లోపలిది చల్లబడుతోంది. ఆ మూడో కాలు చూస్తుండగానే అంచుదాకా సాగింది. అద్దమే మార్చవలసి వచ్చింది, ఆ నెల జీతంలో పెద్ద భాగం దానికే పోయింది. కొత్త అద్దానికి మళ్ళీ ఆ పూతే వేశాడు. నేను వద్దనలేదు. ఇప్పుడు కారు అరలో ఒక టేపు చుట్ట కూడా పెట్టుకున్నాడు.