ఎడమకాలికి పాఠము చెప్పిన పంతులు

నకరికల్లు మీదుగా పోవు అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి పిడుగురాళ్ళ, దాచేపల్లి దాటి, పొందుగుల కడ కృష్ణను గడచి, హైదరాబాదు దిక్కుగా సాగును. ఈ దారిన పల్నాటి మిరపకాయయు, పత్తియు అటు పోయినంతగా అటనుండి ఫుట్‌బాల్ ఆట ఇటు రాలేదు. మన ఊళ్ళ పిల్లలకు కబడ్డీ కూతయు, వాలీబాల్ వలయు తెలిసినంతగా కాలిబంతి తెలియదు. అందుచేత, స్వాతంత్ర్యానంతరము భారత ఫుట్‌బాల్ ఆసియాలో తలయెత్తి నిలిచిన దినములలో ఆ జట్టును తీర్చిదిద్దినవాడు హైదరాబాదున పిల్లలకు చదువు చెప్పిన ఒక బడిపంతులని చెప్పినచో నేటికిని పలువురు ఆశ్చర్యపడుదురు. ఆ పంతులు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచు అచ్చటి జట్టులోను, నగరపు పోటీలలో ఎలెవెన్ హంటర్స్ అను జట్టులోను ఆడిన ఆటగాడాయన. పట్టము పుచ్చుకొనిన పిమ్మట కాచిగూడ మిడిల్ స్కూలు మొదలైన బడులలో ఉపాధ్యాయుడై, అటుపై వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో ఆటల భారమును వహించెను. పల్లెటూళ్ళలో మనము డ్రిల్లు మాస్టారని పిలుచు ఉద్యోగమే అది. ఆయన భారత జట్టు తరఫున ఒక్క ఆటయు ఆడినవాడు కాడు. ఐనను ఆ జట్టును ఆసియా క్రీడలలో రెండుమార్లు స్వర్ణపతకమునకు నడిపించినవాడు.

మేటి ఆటగాడే మేటి శిక్షకుడగునని లోకము సులభముగా నమ్మును గాని, అనుభవము ఆ నమ్మకమును అంతగా బలపరుపదు. దీనికొక ఉదాహరణము అమెరికాలో కలదు. అచ్చట స్థిరపడిన మనవారి పిల్లలు ఫుట్‌బాల్ అని పిలుచు ఆట వేరు. రెండు కొనలు సన్నగిల్లిన బంతిని చేతబట్టి పరుగిడు ఆ క్రీడలో దాడిచేయు దళమొకటి, అడ్డుకొను దళమొకటి ఉండగా, బంతిని కాలితో తన్నవలసిన సందర్భములలో మాత్రమే రంగమున దిగు మూడవ దళము ఇంకొకటి గలదు. ఆట ఆరంభమున బంతిని ఎదుటివారికి తన్ని పంపుట, ముందుకు సాగు వీలు లేనప్పుడు దూరముగా తన్ని ప్రత్యర్థిని వెనుకకు నెట్టుట, గోలు కంబముల నడుమ పంపి 3 పాయింట్లు గడించుట ఈ దళము పని. ఇట్టి ఘట్టములు ఆటలో కొద్దిపాటివే యైనను ఒక్కొక్కటి గెలుపోటములను తారుమారు చేయగలదు. అందుచేతనే 1969లో లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు ఆ పనికై ప్రత్యేకముగా డిక్ వెర్మీల్‌ను నియమించెను. కళాశాల స్థాయిలోనే ఆట ముగించిన వెర్మీల్ కాలాంతరమున ప్రధాన శిక్షకుడై 2000 జనవరిలో ఆ ఆటలో అత్యున్నత పోటీయగు సూపర్ బౌల్‌ను గెలిచెను. ఫిలడెల్ఫియాలో ఏండ్ల తరబడి అదే కొలువు చేసిన జాన్ హార్బా 2013లో బాల్టిమోర్ జట్టుకు అదే విజయమును సంపాదించి పెట్టెను. పదిమంది లెక్కచేయని చిన్న భాగమును పట్టుకొని దానిని లోపములేని దానినిగా దిద్దుట వీరు నేర్చిన విద్య. రహీం ఈ విద్యను, దానికొక పదవియు పేరును ఏర్పడక పూర్వమే, హైదరాబాదు మైదానములలో అభ్యసించుచుండెను.

ఆ కాలమున మన దేశపు ఫుట్‌బాల్‌లో బంతి చిక్కిన ఆటగాడు దానిని విడుచుటకు ఇష్టపడెడివాడు కాడు. పాదమునకు అంటిపెట్టుకొని ఇద్దరు ముగ్గురిని దాటించి చప్పట్లు అందుకొనుటయే గొప్పతనమని ఆటగాండ్రును, చూడవచ్చిన జనమును తలచెడివారు. ఇది కనులకు వేడుకయే గాని ఆటకు చేటని గ్రహించిన రహీం, డ్రిబ్లింగు నిషిద్ధమైన పోటీలను ఏర్పరచెను. అందినవాడు బంతిని వెంటనే తోడివానికి అందింపవలెను. తన యొద్దనే త్రిప్పుకొనుచు నిలువరాదు. దానితో బంతి రాకమునుపే అది ఎటు పోవలెనో యోచించుకొను అలవాటు పిల్లలకు పట్టుబడెను.

అంతకన్న విచిత్రమైనది వాటము లేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీ. కుడికాలి వాటముగల కుర్రవాడు తన కుడిప్రక్కకే దొర్లివచ్చిన బంతిని సయితము చుట్టు తిరిగి ఎడమకాలి ముందునకు తెచ్చుకొనవలసి వచ్చును. పాదపు లోతట్టు తగులవలసిన చోట వ్రేళ్ళు తగిలి బంతి ప్రక్కదారి పట్టును. గట్టున నిలిచినవారు పకపక నవ్వుదురు. కొన్నాళ్ళు ఇట్లు గడచిన పిదప ఎడమకాలును మాట వినుట ఆరంభించును. అప్పుడు ఏ ప్రక్కనుండి వచ్చినను తడబాటు లేక బంతిని పంపగల ఆ కుర్రవానిని అడ్డగించు ప్రత్యర్థికి, అతడు ఎటు మరలునో ఊహించుట దుర్లభమగును. బలమును మెచ్చుకొని విడుచుటకన్న బలహీనతను వెదకి దానికొక ఆటను కల్పించుటలో రహీంలోని ఉపాధ్యాయుడు కానవచ్చును.

ఈ శిక్షణకు తొలి ఫలము హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివారున్న ఆ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును గెలుచుటయే గాక, ఆ యేటి నుండి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా 5 మారులు చేజిక్కించుకొనెను. 1956–57, 1957–58 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీయు హైదరాబాదునకే దక్కెను. అంతవరకు ఫుట్‌బాల్ అనగా కలకత్తాయే యని తలచిన దేశము దక్షిణమున మరియొక పీఠమున్నదని అంగీకరింపవలసి వచ్చెను.

ఆటగాండ్రను వెదకిపట్టుటలోను రహీంది నిశితదృష్టి. సికింద్రాబాదు దాపునగల అమ్ముగూడ అను పల్లెలో నిరుపేద యింట పుట్టిన తులసీదాస్ బలరాం మొదట పోలీసులు విడిచిన పాతబూట్లను చెప్పులుకుట్టువానిచే మార్పించుకొని ఆడినవాడు. అభ్యాసమునకు హైదరాబాదు రమ్మని పిలిచినప్పుడు, అంతదూరము వచ్చిపోవుటకు తనకు స్తోమత లేదని ఆ బాలుడు చెప్పగా, సైకిలునకు కావలసిన డబ్బును రహీం తానే యిచ్చెనట. ఆ బలరామే 1960 రోం ఒలింపిక్స్‌లో హంగరీపై ఒక గోలును, పెరూపై ఒక గోలును చేసి, భారతదేశము కన్న మేటి ముందువరుస ఆటగాండ్రలో ఒకడుగా నిలిచెను.

జాతీయ శిక్షకుడుగా రహీం చూచిన మిట్టపల్లములు తక్కువవి కావు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మేవాలాల్ చేసిన ఏకైక గోలుతో ఇరాన్‌ను జయించి భారతదేశము స్వర్ణము నందుకొనెను. మరుసటి యేట హెల్సింకి ఒలింపిక్స్‌లో, పలువురు ఆటగాండ్రు బూట్లు లేకయే దిగిన ఆటలో, యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తయ్యెను. ఆ పరాభవము తరువాత బూట్లు తప్పనిసరియయ్యెను. హంగరీ జట్టు ఐరోపాలో కొత్తగా చూపిన పద్ధతిని, అనగా సెంటర్ ఫార్వర్డును కొంత వెనుకకు నిలిపి ఎదుటి కాపుదలను కలవరపెట్టు పద్ధతిని, రహీం శ్రద్ధగా గమనించి తన జట్టునకు నేర్పెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్యదేశమగు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచినప్పుడు నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా దేశముగా భారతదేశము నిలిచి, తుదకు నాల్గవ స్థానమును పొందెను.

ఆయన విద్యకు పరాకాష్ఠ 1962 జకార్తా ఆసియా క్రీడలు. అక్కడ తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. తరువాత థాయ్‌లాండ్‌తో జరిగిన ఆటలో వెనుకవరుసకు వెన్నెముకయైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. ఆ తలతో ఎగిరి బంతుల నడ్డగించుట అతనికి ప్రమాదమని తలచి మరియొకడైనచో అతనిని బయట కూర్చుండబెట్టి యుండును. రహీం అతనిని సెంటర్ ఫార్వర్డుగా ముందునకు పంపెను. మన పల్నాటిలో బండలాగు పందెములకు ఎడ్లను సిద్ధపరచు రైతు, దాపట కట్టి అలవాటైన ఎద్దును వలపటకు మార్చుటకు ఎంత జంకునో ఎరిగినవారికి ఈ నిర్ణయములోని సాహసము బోధపడును. కాడి అదేయైనను ఎద్దునకు ఒరపిడి మారును, జత మారును, నడక మారును. జర్నైల్ ఆ మార్పునకు తట్టుకొనెను. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనలులో గోలు చేసి జట్టు 3–2తో బయటపడుటకు తోడ్పడెను.

సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతోనే తుది పోరు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ఇండోనేసియా ప్రవేశము నిరాకరించుటను భారత ప్రతినిధి సోంధీ ఆక్షేపించినందున స్థానికజనము మనవారిపై మండిపడుచుండిరి. సెనయన్ క్రీడాంగణమంతయు కొరియా పక్షమున కేకలిడుచుండెను. అంతటి రొదలో ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగ్ ఒక గోలును మొదటి సగములోనే చేసిరి. చివరి నిమిషములలో కొరియావారొకటి తిరిగియిచ్చినను 2–1తో స్వర్ణము మనదయ్యెను. అటుపిమ్మట నేటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము భారతదేశమునకు మరల దక్కలేదు.

అప్పటికే రహీంను ఊపిరితిత్తుల క్యాన్సరు పట్టిపీడించుచుండెను. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసెను. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారము 1985లో గాని ఏర్పడలేదు గావున ఆయన జీవితకాలమున అట్టి గౌరవమేదియు అందలేదు. చాలకాలము క్రీడాభిమానులు తప్ప ఇతరులు తలపని ఆ పేరు 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ చిత్రముతో మరల జనుల నోట బడెను. ఆయన శిష్యుడగు ప్రదీప్ కుమార్ బెనర్జీ స్వయముగా దేశమునకు శిక్షకుడయ్యెను. కుమారుడగు సయ్యద్ షాహిద్ హకీం రోం ఒలింపిక్స్ జట్టున ఉండి, పిమ్మట అంతర్జాతీయ రిఫరీ అయ్యెను. హైదరాబాదు ఆటగాడే యగు సయ్యద్ నయీముద్దీన్ 1970లో అర్జున పురస్కారమును, 1990లో ద్రోణాచార్యమును పొంది, ఆడుట, ఆడించుట అను రెండు విద్యలలోను సమర్థుడనిపించుకొనెను.

రహీం పద్ధతిని విచారించి చూచినచో అందు ధనముతో కొనవలసినది ఏదియు లేదు. డ్రిబ్లింగు లేని పోటీకిగాని, ఎడమకాలి పోటీకిగాని ఒక బంతియు, ఒక చదునైన చేనంత నేలయు, నియమము పెట్టి నిలబెట్టగల ఒక మనిషియు చాలును. మన ఉన్నత పాఠశాలలలో బంతియు, నేలయు చాలచోట్ల కలవు, మూడవవాడును కలడు. కాని పదవ తరగతి పరీక్షలు దగ్గరపడగనే డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టారు తీసికొనును. డ్రిల్లు మాస్టారు హాజరుపట్టీలు దిద్దుచు కూర్చుండును. రహీం చెప్పినది కూడ పాఠమేయనియు, వాటము లేని కాలికి నేర్పిన విద్య బిడ్డకు బ్రతుకంతయు అక్కరకు వచ్చుననియు తల్లిదండ్రులు గుర్తించి ఆ పీరియడును డ్రిల్లు మాస్టారుకు తిరిగి యిప్పించినచో, ఆటయే గాదు, చదువును బాగుపడును.