పరాయి నేల మీద మిషనరీ: అన్నం పెట్టిన వాడలు

మిషనరీ అనగానే తెల్లదొర, బంగళా, గొడుగు పట్టే బంట్రోతు గుర్తుకొస్తారు. సింగరేణి ప్రాంతానికి వచ్చిన మిషనరీల్లో ముఖ్యుడొకరు తెల్లవాడు కాదు, తమిళుడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన గురించి రాసినవన్నీ బిషప్ నుంచే మొదలవుతాయి. మేం వాడ నుంచి మొదలుపెడుతున్నాం. గోదావరిఖని, రామగుండం బాయిల మీద బతికే దళిత క్రైస్తవుల చరిత్రలో ఒక పాయ ఇటునుంచే పారింది.

అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళైలో నాడార్ కుటుంబంలో పుట్టిండు. నాడార్లంటే గుళ్ళలోకి రానివ్వని కులం. పైబట్ట వేసుకునే హక్కు కోసం ఆ కులం ఆడవాళ్ళు 19వ శతాబ్దంలో తిరువాన్కూరులో కొట్లాడాల్సి వచ్చింది. అవమానమంటే ఏమిటో ఆయనకు ఇంటినుంచే తెలుసు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో ఒక మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. ఆ సొసైటీ పని మీదే 1909లో, 35 ఏళ్ళ వయసులో, ఆయన భార్య అన్బుతో కలిసి దోర్నకల్ వచ్చిండు.

ఇది ఆయనకు పరదేశమే. భాష వేరు, రాజ్యం వేరు. బ్రిటిష్ మద్రాసు నుంచి నిజాం ఇలాకాలోకి రావటం అది. అప్పటికి దోర్నకల్ చిన్న జంక్షన్. ఇల్లందు గనుల బొగ్గు అక్కడే పెద్ద లైను ఎక్కేది.

ఆయన రోజు ఎట్లా గడిచేది? మొదట భాష. తమిళ లిపిలో ‘క’కూ ‘గ’కూ, ‘ప’కూ ‘బ’కూ ఒకే అక్షరం. తెలుగులో ఒక్క ఒత్తు తప్పితే మాట మారిపోతుంది. పైగా పుస్తకంలో నేర్చుకున్న తెలుగు వేరు, మాలవాడలో ‘వచ్చిండు, పోయిండు’ అనే తెలుగు వేరు. ఆ రెండో తెలుగుకు పంతుళ్ళెవరు? వాడ జనమే. తర్వాత ప్రయాణం: ఎడ్లబండి, సైకిలు, ఊరి బయట డేరా. పగలంతా జనం దొర పొలంలో, వెట్టిలో ఉండేవాళ్ళు. అందుకే వాడల్లో కూటాలు రాత్రిపూట, కూలినుంచి తిరిగొచ్చి గటక తాగినంక, దీపం వెలుతురులో నడిచేవి. అంటే మిషనరీ గడియారాన్ని తిప్పింది వెట్టి బతుకే.

ఏ వాడకు ఏ దారి, ఎవరింట్లో చావు, ఏ పటేలు కన్నెర్రజేసిండు, ఇవన్నీ చెప్పినవాళ్ళు ఉపదేశులు, బైబిలు స్త్రీలు. వీళ్ళలో ఎక్కువమంది మాల మాదిగలే. మిషను రిపోర్టుల్లో వీళ్ళు లెక్కగా కనిపిస్తరు, పేరుగా కనిపించరు. దూరం నుంచి వచ్చినోడికి చరిత్ర దక్కింది, దారి చూపినోడికి దక్కలేదు.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య తెల్ల మిషనరీల మొహం మీదే ఒక మాటన్నాడు. మీరు త్యాగాలు చేశారు, ధనమిచ్చారు, అయితే మాకు కావలసింది స్నేహం అని ఆ ప్రసంగ సారాంశం. కలిసి కూర్చుని తినని మనిషి చేసే ఉపకారం ఉపకారం కాదని దాని అర్థం. వాడకు ఈ మాట కొత్తకాదు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో చనిపోయేదాకా దోర్నకల్‌నే అంటిపెట్టుకున్నాడు.

అదే కొలబద్దతో సంఘాన్ని కొలిస్తే ఏం తేలుతుంది? మాల మాదిగల మధ్య పంక్తిభేదం చర్చి గడప కూడా దాటి లోపలికి వచ్చింది. బాప్తిస్మం పేరు మార్చింది గాని పిల్లనిచ్చిపుచ్చుకోవటాన్ని మార్చలేదు. స్నేహం అడిగిన మాట తెల్లవాడి దగ్గరే ఆగిపోతే సగం మాటే అవుతుంది.

మిగతా సగాన్ని ప్రభుత్వం అడ్డుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు తెరవలేదు. వాళ్ళకు మిగిలింది బి.సి. ‘సి’ గ్రూపులో ఒక శాతం. 1960ల నుంచి గోదావరిఖనిలో బాయిలు తెరుచుకుంటుంటే, ఊళ్ళు విడిచి తట్టా చెమ్మస్ పట్టిన దళితుడి ముందు ఈ చిక్కే నిలబడింది. ఉద్యోగం కాగితంలో ఒక పేరు, ఆదివారం ప్రార్థనలో ఇంకో పేరు. బాయిలో దిగినప్పుడు బొగ్గు ఏ మతమని అడగదు. సర్టిఫికెట్టు అడుగుతుంది.

దీన్ని దొంగతనమనేవాళ్ళున్నారు. రెండు పేర్లతో బతకాల్సి రావటం ఎవరు చేసిన పని అన్నది మా ప్రశ్న. మిషనరీ దినచర్య చదివినట్టే, అతనికి గటక పోసిన అవ్వ దినచర్య కూడా చదవాలి. ఆ అవ్వ మనుమలు ఇప్పుడు బాయి క్వార్టర్లలో ఉన్నారు. వాళ్ళను అడిగి రాసుకోవటం మనం ఇంకా మొదలుపెట్టాల్సిన పని.